గుడ్డ కింది మాట

“ఈ పొద్దుకు చాలు సామీ. దిగిపోదాము.”

లక్ష్మణన్ భుజం మీది కెమెరా పెట్టె దించకుండానే అన్నాడు. కేశవరాజా వినిపించుకోలేదు. ఎదురు చరియ మీద వరయాడు నిలబడి ఉంది. కొమ్ములు తిరిగిన ముసలి కొండమేక. ఎండకు ఒళ్ళు కాచుకుంటూ, ఫోటో తీయించుకోవడానికే వచ్చినట్టు కదలకుండా ఉంది.

“ఎందుకు దిగాల?”

“ఆ పుట్ట చూడండి, తవ్వి ఉండాది. మన్ను ఇంకా తడి ఆరలేదు. కరడి ఇక్కడే ఉండాది.”

“రాత్రి తవ్వి పోయుంటాది. పగటి పూట ఎలుగుబంటికి ఇక్కడ ఏమి పని?”

“పిల్లతల్లి అయితే రాత్రీ పగలూ చూడదు సామీ. వచ్చేటప్పుడు అళగమ్మాళ్ కూడా వద్దనె.”

“నీ పెండ్లాము ఎప్పుడు సరే అనింది? పెట్టె దించు.”

లక్ష్మణన్ దించాడు. సేత్తూరు పైన ఆ కొండ మీద పిట్ట కూత వినబడి చాలాసేపయింది. ఆ సంగతి కేశవరాజాకూ తెలుసు. తెలిసీ స్టాండు కాళ్ళు విప్పసాగాడు.

యుద్ధం మొదలయ్యాక మద్రాసు నుంచి ఫోటో పడే గాజు ప్లేట్లు రావడం ఆగిపోయింది. ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే. ఇరవై ఏళ్ళలో ఈ కొండల్లో కెమెరాతో ఏనుగుల్ని పట్టాడు, దుప్పుల్ని పట్టాడు, గూట్లో పిల్లలకు మేత పెడుతున్న డేగను పట్టాడు. రాజపాళయంలో ఆయన ఇంటి గోడల నిండా అవే. వరయాడు మాత్రం చిక్కలేదు. ఈ ప్లేటు అయిపోతే మళ్ళీ ఎన్నడో, అసలు ఉంటుందో లేదో. ఫోటో పిచ్చి పట్టిన మనిషికి ఇంకొకరి భయం కంటికి ఆనదు.

స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, ఆయన నల్లగుడ్డ తల మీదుగా కప్పుకున్నాడు. లోపల గాజుపలక మీద లోకమంతా తలకిందులుగా వేలాడుతోంది. కుడి ఎడమలు కూడా తారుమారే. కొత్తవాడికైతే కళ్ళు తిరుగుతాయి. కేశవరాజాకు ఆ బెంగ లేదు. తన కంటికి అన్నీ వాటంతటవే చక్కబడి కనిపిస్తాయని దొరికిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకునేవాడు.

“గడ్డి అడ్డం వస్తా ఉండాది. ముందుకు పోయి వంచు.”

లక్ష్మణన్ పాకుతూ పది బారల దూరం వెళ్ళాడు. అక్కడ మనిషెత్తు బండ, దానికి రెండు పక్కలా నడుమెత్తు గడ్డి. కెమెరాకు వీపు పెట్టి, బండ చాటున ఒదిగి కూర్చున్నాడు.

“ఎడమ పక్కది వంచు.”

గాజు మీద ఎడమ పక్క గడ్డి వంగింది.

“ఇంకా కొంచెం. ఆఁ, చాలు. అట్లనే పట్టుకో.”

బొమ్మ ఇప్పుడు నిండుగా ఉంది. కొమ్ముల మీది గీతలు కూడా లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. కేశవరాజా ఊపిరి బిగబట్టాడు. అప్పుడు బండ పక్కన ఏదో నల్లగా కదిలింది. మబ్బు నీడేమో అనుకున్నాడు. నీడకు కాళ్ళున్నాయి. వీపు మీద ఇంకో చిన్న నీడ అంటిపెట్టుకుని ఉంది.

పిల్లను వీపున మోస్తున్న తల్లి ఎలుగు. అలాంటి బొమ్మ ఈ చుట్టుపక్కల ఎవరి గోడ మీదా లేదు. ఆయన చెయ్యి దానంతటదే ప్లేటు ఉన్న సంచి కేసి పోయింది. సంచి మూత కూడా తీసింది.

కానీ లక్ష్మణన్ వీపు కనిపించింది. చెమటకు తడిసిన చొక్కా. కేశవరాజాకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. సంచి వదిలేసి, గుడ్డ విసిరికొట్టి, నేరుగా కళ్ళతో చూశాడు. ఎలుగు బండకు కుడి పక్కన ఉంది. బండ అడ్డంగా ఉండి లక్ష్మణన్‌కు అది కనబడదు. ఎడమ పక్కన పల్లం, దారి ఖాళీగా ఉంది.

“లక్ష్మణా, కరడి. ఎడమకు పోరా, ఎడమకు.”

లక్ష్మణన్ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ గొంతు చెప్పిందానికి ఎందుకని అడిగిన మనిషి కాదు. ఒక్క ఉదుటున లేచి పరుగెత్తాడు, కుడికి.

కేశవరాజా అరుస్తూ స్టాండుతో సహా కెమెరాను ఎత్తి విసిరాడు. గాజు పగిలిన చప్పుడుకు ఎలుగు ఉలిక్కిపడి, వీపు మీది పిల్లతో గడ్డిలో పడి వెళ్ళిపోయింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. చరియ మీద వరయాడు కూడా లేదు.

ఆయన లక్ష్మణన్ తల ఒడిలోకి తీసుకున్నాడు. ముఖంలో సగం ముఖంలా లేదు. పంచె చింపి అదిమిపెట్టినా రక్తం ఆగలేదు. కిందికి మోసుకుపోవాలంటే మధ్యాహ్నం దాటుతుంది. అంతదాకా ప్రాణం నిలుస్తుందని ఆయనకు నమ్మకం కలగలేదు.

“ఏమిరా ఇట్ల చేస్తివి? నా కండ్లతో చూసి చెప్పినాను. ఎడమకు అంటినే. నీకు వినబడలేదా?”

లక్ష్మణన్ మిగిలిన కన్ను తెరిచాడు. అందులో నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

“గుడ్డ తీసినారని నాకు తెలీదు సామీ.”

“తీస్తే ఏమి, తీయకపోతే ఏమిరా?”

లక్ష్మణన్ నోట్లోని నెత్తురు పక్కకు ఉమ్మాడు.

“గుడ్డ కింద మీరు ఎడమ అంటే కుడి సామీ... ఇరవై ఏండ్లుగా మీరు చెప్పిందానికి ఎదురు పక్కకే పోతా ఉండాను, మీరు చిన్నబోతారని చెప్పలేదు.”