యాభై రెండు నిమిషాల దారి

“జనవరి తొమ్మిది, శుక్రవారం. పితికిపప్పు, రాగిసంగటి. లిల్లీ రెండు ముద్దలు తినింది. మూడోది చేతిలో ఉండంగానే ఎద పట్టుకొనింది,” అన్నాడు ఎడ్విన్ సారు. “అన్నీ గుర్తుండాయి మునిశేఖరా. నా కాలు సంగతే గుర్తులేదు. ఆ పొద్దు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినానా, భయంతో తొక్కలేకపోతినా?”

మెకానిక్ మునిశేఖర్ తలెత్తలేదు. పుంగనూరులో అతని షెడ్డు ముందు సారు కారు బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు, ఇరవై నాలుగేళ్ల నాటిది. పక్కన బల్ల మీద, గోనెసంచి పరిచి, బెంగళూరు పాత సామాన్ల అంగడిలో సారు వెతికి కొనుక్కొచ్చిన సూపర్‌చార్జర్ పెట్టి ఉంది. అది ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపితే బండికి బలం వస్తుంది.

వద్దన్నాడు మునిశేఖర్. ముసలి ఇంజన్ అంత గాలికి తట్టుకోలేదనీ, నెల తిరక్కుండా పిస్టన్లు పగులుతాయనీ చెప్పాడు.

“పగలనీ. ఒక్కసారి మదనపల్లెకు పోయొస్తే చాలు నాకు.”

సూపర్‌చార్జర్‌ను బిగించే బ్రాకెట్ కొలతల కోసం వచ్చిన గురుమూర్తి ఈ మాటలన్నీ వింటూ నిలబడ్డాడు. పక్క షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషన్ అతనిది. మిషన్ స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి ఇలా మాట్లాడటం అతనికి వింతగా ఉంది. సారు విడమరిచి చెప్పాడు. ఆ రోజు భార్య లిల్లీని మదనపల్లె ఆసుపత్రికి చేర్చడానికి యాభై రెండు నిమిషాలు పట్టింది. ఎత్తు మీద టమాటా లోడు లారీ కూడా వాళ్లను దాటుకుని పోయింది. గేటు దగ్గరికి వచ్చేసరికి లిల్లీ తల ఆయన భుజం మీద వాలిపోయి ఉంది. పది నిమిషాలు ముందు తెచ్చుంటే బతికేదని డాక్టరు అన్నాడు. ఇప్పుడు బండికి బలం పెట్టించి అదే దారిలో పోయి చూడాలి. తొందరగా చేరితే ఆ రోజు లోపం ఇంజన్‌ది. చేరకపోతే తన కాలిది.

“ఆలస్యం బండిదా, నాదా? అది తేలితే నాకు నిద్ర పడతాది.”

ఆ లెక్క పూర్తిగా నిలవదని గురుమూర్తికి అనిపించింది. కానీ నెలల తరబడి కన్ను మూయని మనిషి మాటను వెర్నియర్ పెట్టి కొలవడం అతనికి చేతకాలేదు. మునిశేఖర్ కారులోపలికి వంగి చూశాడు. తల బయటికి తీసి, “సరే సార్, పెడతా,” అన్నాడు.

ఎనిమిది రోజులు పని నడిచింది. గురుమూర్తి ఇనుప పలక కోసి బ్రాకెట్ చేశాడు, బెల్టు తగిలించే పుల్లీని లేత్ మీద చెక్కి ఇచ్చాడు. సారు రోజూ పొద్దున ఫ్లాస్కులో టీ తెచ్చి ఇద్దరికీ పోసేవాడు. పనిముట్లు ఎక్కడైనా పెట్టుకోనిచ్చేవాడు గానీ ఎడమ పక్క సీటు మీద మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు. ఎవరూ పెట్టలేదు కూడా.

తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగు గంటలకు సారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. తన బ్రాకెట్‌ను కడసారి చూసుకుందామని గురుమూర్తి ఇంజన్ మీదికి వంగాడు. పుల్లీకి బెల్టు లేదు. బెల్టు తిప్పకపోతే సూపర్‌చార్జర్ ఉత్త ఇనుపముద్ద. అతను నోరు తెరిచేలోపే మునిశేఖర్ బానెట్ దించేశాడు. వేళ్లు వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది. కారు వెళ్లిపోయింది.

“బెల్టు యాడప్పా?”

“వేయలేదు.”

“మర్సిపోతివా?”

“లే. వేస్తే ఇంజన్ పోతాది.”

గురుమూర్తికి ఒళ్లు మండింది. “ఇంతకన్నా మోసం ఏముంటాది మునీ? మళ్లా యాభై రెండు నిమిషాలే పడతాది. నా కాలే నా పెండ్లాన్ని సంపిందని అనుకుంటాడు ఆయప్ప. ఇంక బతుకుతాడా?”

మునిశేఖర్ కిరసనాయిలులో చేతులు కడుక్కుంటూ ఉన్నాడు. ఆ చేతులకు అప్పటికే మురికి లేదు.

గురుమూర్తి లేత్ ఆపేసి రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎర్రటిది ఏది కనబడినా లేచి నిలబడ్డాడు. సారుకు ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో కూడబలుక్కున్నాడు.

ఆరు దాటాక కారు వచ్చి ఆగింది. సారు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“ముప్పై ఆరు,” అన్నాడు. ఇంకోసారి అదే అన్నాడు. “ఎత్తులో రెండు లారీలు దాటినా. లోపం బండిదే మునిశేఖరా. నా కాలిది కాదు.”

సారు మునిశేఖర్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకోబోయాడు. మునిశేఖర్ గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఇంటికిపోయి పడుకోమన్నాడు, నిదానంగా పొమ్మన్నాడు. బండి ఇంక బాగానే ఉంటుందనీ, బానెట్ మాత్రం ఎవరితోనూ తీయించవద్దనీ చెప్పాడు. సారు బడిపిల్లవాడిలా తలూపాడు.

కారు మలుపు తిరిగాక గురుమూర్తి గొంతు తగ్గించాడు. కోపం పోయింది గానీ బుర్ర తిరుగుతోంది.

“బెల్టు లేకుండా అది తిరగదు గదప్పా. అంత స్పీడు యాడనుంచి వచ్చింది?”

మునిశేఖర్ లైటు ఆర్పాడు. బయటికి వచ్చి, చప్పుడు కాకుండా షట్టరు నేలదాకా దించి, తాళం వేసి, ఆ తాళం వైపే చూస్తూ చెప్పాడు.

“యాక్సిలరేటర్ సగానికి మించి దిగకుండా తొమ్మిదేండ్ల కిందట దాని కింద నేను పెట్టిన ఇనుప ముక్కను తీసేసినా, అంతే. సారు తోలే స్పీడు సూసి భయపడి, ఆయనకు సెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకొని, లిల్లీ మేడమే పెట్టిచ్చింది దాన్ని.”