ఆగమన్న మాట

"కుడి!" అన్నాడు మెన్నో.

తాల్కే చూసింది. కుడివైపు సందులో పిల్లి కూడా లేదు.

"ఎవరూ లేరు సార్."

"ఉన్నారో లేరో తర్వాతి మాట. ముందు మెడ తిప్పు."

పొద్దున్నుంచి ఇదే గోల. జర్మనీలోని ఆ ఔరిక్ ఊళ్ళో బోర్డు లేని ప్రతి సందు మొగలోనూ కారు నెమ్మది చేయించి, కుడివైపు నుంచి వచ్చేవాళ్ళదే ముందు దారి అని దండకం చదువుతున్నాడు. తాల్కేకి ఒళ్ళు మండిపోతోంది.

రోగుల ఇళ్ళకు వెళ్ళి సేవ చేసే ఉద్యోగం ఆమెకు ఎన్నాళ్ళకో దొరికింది. కారు నడపడం రాకపోతే ఆ ఉద్యోగం లేదు. వచ్చే వారమే పరీక్ష. ఇన్నాళ్ళలో ఈ మాస్టారి నోట మెచ్చుకోలు ఒక్కటి రాలితే ఒట్టు!

"మా అమ్మకి ఎనభై ఏళ్ళు, మెడ పట్టేసింది. అయినా నీకంటే త్వరగా తిప్పుతుంది," అన్నాడు మెన్నో.

"అయితే ఆవిడకే నేర్పుకోండి!"

"ఆవిడకి నీ అంత నోరు లేదు, నేర్పడం సుఖంగా ఉండేది."

తాల్కే పళ్ళు కొరికింది. ఇక ఈ మనిషి గొంతు చించుకున్నా సరే, చూడకూడదనుకుంది.

తర్వాతి సందు వచ్చింది.

"కుడి! ఆగు! ఆగమంటున్నానా!"

ఆమె ఆగలేదు. మెడ తిప్పలేదు.

మెన్నో చెయ్యి చాచి స్టీరింగు లాగేశాడు. తన వైపున్న బ్రేకు తొక్కాడు. కారు ఎడమకు తిరిగి ఎవరిదో తోట గోడకు గుద్దుకుంది. అవతల సైకిలు పడిన చప్పుడైంది.

"మీరే లాగారు! మీరే గుద్దించారు!" అని అరిచింది తాల్కే.

"నోరు మూసుకో. పోయి ఆ చెట్టు కింద నిలబడు. పిలిచేదాకా ఇటు రాకు."

నడివీధిలో, నలుగురూ చూస్తుండగా, కుక్కను అదిలించినట్టు! తాల్కేకి ఏడుపు కూడా కోపంగానే వచ్చింది.

పోలీసులు వచ్చాక, సైకిలు మీంచి పడ్డ ముసలాయన్ని అంబులెన్సు తీసుకెళ్ళింది; చెట్టు దగ్గరికి ఆయన మొహం కనబడలేదు. పోలీసులు మెన్నోతోనే చాలాసేపు మాట్లాడారు. ఆఖర్న ఒకతను వచ్చి, ఆమె పేరు అడిగి, దెబ్బలేమీ తగల్లేదు కదా అని ఇంటికి పంపించేశాడు.

మర్నాడు క్లాసుకు వెళితే మెన్నో లేడు.

"ఆయన ఇక నీకు నేర్పడు," అంది డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ.

"పరీక్ష నెత్తిమీద పెట్టుకుని వదిలేసి పోయాడా?"

"నన్నేమీ అడక్కు తల్లీ. కొత్త మాస్టారు వస్తాడు."

తాల్కే ఊరుకునే మనిషి కాదు. బేకరీలో చెప్పింది. బస్సులో చెప్పింది. తనే కారు గోడకు గుద్దించి, మొహం చెల్లక పారిపోయాడని ఊరంతా టాంటాం వేసింది. చెప్పిన చోటల్లా కాస్త ఉప్పూ కారం కూడా చల్లింది. ఎంత చెప్పినా కసి తీరలేదు.

కొత్త మాస్టారిది నవ్వు మొహం. పరీక్ష గట్టెక్కింది. ఉద్యోగమూ దక్కింది.

పనిలో చేరిన రెండో నెలలో ఒకరోజు పొద్దున, వానలో, బస్టాపు దగ్గర మెన్నో కనిపించాడు. కాళ్ళ దగ్గర రెండు పెద్ద పెట్టెలు.

తాల్కే కావాలనే కారు ఆపి అద్దం దించింది.

"చూశారా సార్? మీరు నట్టేట్లో వదిలేసినా పాసయ్యాను!"

మెన్నో ఆమెనూ కారునూ ఓసారి చూశాడు.

"ఇది బస్సు ఆగే చోటు. బండి తియ్యి."

"పొగరు ఇంకా దిగలేదన్నమాట! మీలాంటి వాళ్ళ చేతికి మళ్ళీ స్టీరింగు ఎవరిస్తారో నేనూ చూస్తాను!"

వెనక బస్సు హారన్ కొట్టింది. తాల్కే బండి కదిలించింది. ఆయన తడిసిన పెట్టెలు ఒక్కొక్కటే బస్సులోకి ఎక్కించుకోవడం వెనక అద్దంలో చూసి, ఆమె కడుపు చల్లబడింది.

ఆ రోజు ఆమె వెళ్ళాల్సిన మొదటి ఇల్లు కొత్తది. ఉబ్బో అనే పెద్దాయన ఒక్కడే ఉంటాడు. మణికట్టు విరిగి అతుక్కుంది కానీ వేళ్ళు ముడుచుకోవడం లేదు. తాల్కే ఆయన చొక్కా బొత్తాలు పెట్టింది. కప్పులో పటికబెల్లం ముక్క వేసి టీ పోయబోయింది.

"చెయ్యి ఎలా విరిగింది తాతగారూ?"

"డ్రైవింగ్ స్కూలు కారమ్మా. నడిపేది ఎవరో ఆడపిల్ల. నా కళ్ళజోడు ఎగిరిపోయింది, మొహం కూడా చూళ్ళేదు. మెన్నో స్టీరింగు లాగాడు కాబట్టి చేత్తో పోయింది. లేకపోతే నేనే పోయేవాణ్ణి."

తాల్కే చేతిలో టీ కూజా గాల్లోనే ఆగిపోయింది.

"మరి... ఆయన పని ఎందుకు మానేశాడు?"

"మానేశాడా? మాన్పించారు! నేర్చుకునే బండికి పక్కన కూర్చున్నవాడే డ్రైవరంటుంది చట్టం. ఆగమన్నా ఆగకపోతేనే ఆ పిల్ల తప్పు. ఆ ఒక్క ముక్క చెబితే బయటపడేవాడు. చెప్పలేదు. లైసెన్సు పోయింది, పనీ పోయింది. ఊళ్ళో ఎవత్తో లేనిపోనివి కూడా చాటిందట. అక్క ఊరికి పోతున్నానని నిన్న వచ్చి చెప్పి వెళ్ళాడు."

"ఆగమని ఆయన... అన్నాడా?"

"అనకపోవడమేం? కారు కిటికీ తెరిచే ఉంది, గొంతు చించుకుని అరవడం నేను విన్నాను. పోలీసులకు నేను చెప్పబోతే, 'ఊరుకో పెద్దాయనా, ఆ పిల్లకి రాకరాక ఓ ఉద్యోగం వచ్చింది' అని నా చెయ్యి నొక్కాడు."

తాల్కే కూజా బల్ల మీద పెట్టేసింది.

"మరి పోలీసులతో ఏమన్నాడు?"

"'నేను ఆగమనలేదు, అనుంటే ఆగేది, చెప్పిన మాట వినే పిల్ల' అన్నాడమ్మా."