ఊరి పేరు తప్పట!

“తప్పు. వెళ్లి కూర్చో,” అన్నారు జడ్జి క్రిస్టీనా మేడమ్.

హర్షిత కూర్చోలేదు. మైకు ముందే నిలబడి, తాను చెప్పినదాంట్లో తప్పేమిటో అర్థంకాక తల్లికోసం వెతుక్కుంది. వెనుక వరసలో అశ్రిత అప్పటికే లేచి నిలబడింది.

“ఏది తప్పు మేడమ్?”

“పోటీ మధ్యలో పేరెంట్స్ మాట్లాడకూడదు.”

“మాట్లాడకుంట ఎట్లుంట? నా బిడ్డ మంచిగనే చెప్పింది గదా!”

తెర మీద ఒక రాక్షసబల్లి బొమ్మ, దాని కింద బారెడు ఇంగ్లీషు పేరు. దాన్ని చూసి హర్షిత ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని గడగడా చదివేసింది. ఎక్కడా తడబడలేదు.

హర్షితను తుర్కపల్లి బడి మాన్పించి, మేడ్చల్‌లోని ఈ ఇంగ్లీషు స్కూల్లో వేసింది ఈ ఏడే. మొదటి రోజు టీచరు ఏదో అడిగితే “ఏంది మేడమ్?” అన్నదట. క్లాసంతా పగలబడి నవ్విందట. ఆ తర్వాత ఆ పిల్ల బడిలో నోరు తెరవడమే మానేసింది. ఈ రాక్షసబల్లుల పేర్ల పోటీయే ఆమెకు మళ్లీ మాట తెచ్చింది. ఎందుకంటే ఆ పేర్ల దగ్గర ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల నాలుకలు కూడా మెలికలు పడుతున్నాయి. అక్కడ అందరూ కొత్తవాళ్లే.

అశ్రిత మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. సాయంత్రం క్యాబ్ దిగి, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటే, పక్కన హర్షిత తొడ మీద తాళం వేసుకుంటూ పేర్లను ముక్కలు చేసేది. “పాకి... సెఫలో... సారస్.” ముక్కలు నోటికి పట్టాక గబగబా కలిపేసేది. అశ్రితకు తిరగనివి కూడా ఆ పిల్లకు తిరిగేవి. తల్లి తడబడితే కిలకిలా నవ్వేది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో అనుకునేది అశ్రిత.

ఈ రోజు ఒక్కొక్కరే ఓడిపోతూ చివరికి ఇద్దరు మిగిలారు. ఈ పేరు సరిగ్గా చెబితే హర్షితే సిటీలో ఫైనల్‌కు వెళ్లేది.

“కొటాసారస్ యమన్‌పాలియెన్సిస్. అదీ సరైన ఉచ్చారణ,” అన్నారు క్రిస్టీనా మేడమ్, ఒక్కో అక్షరం గాజుబొమ్మలా అందిస్తూ. ఉచ్చారణ నేర్పడమే ఆమె వృత్తి. అందుకే సిటీ నుంచి జడ్జిగా పిలిపించారు. “కావాలంటే వినండి,” అని ఫోన్ మైకు దగ్గర పెట్టారు. అందులోంచి ఎవరో విదేశీయుడు ముక్కుతో ‘పాలి’ అన్నాడు.

అశ్రితకు ఒళ్లు మండిపోయింది.

“ఆయన మన దిక్కు ఎన్నడన్న వచ్చిండా మేడమ్? గా ఎముకలు దొరికింది మన తెలంగాణల అని బిడ్డ పుస్తకంలనే ఉన్నది. ఊరి పేరు యామన్‌పల్లి. పల్లిని పాలి అనుడేంది?”

ప్రిన్సిపల్ సారు పరుగున వచ్చారు. “అమ్మా, జడ్జి మాటే ఫైనల్. జర కూసోండి.”

“ఊరి పేరు ఊరోళ్ల లెక్క చెప్తె తప్పెట్లయితది సార్? రేపు మేడ్చల్‌ను గూడ ఇంకోతీరుగ అనమంటరా?”

అప్పుడు మైకులో సన్నగా హర్షిత గొంతు వినిపించింది.

“మాది తుర్కపల్లి మేడమ్. ఈడ దూలపల్లి గూడ ఉన్నది. గది గూడ పల్లే అనుకున్న.”

హాలంతా నవ్వింది. పిల్లలే కాదు, పెద్దలు కూడా. హర్షిత గబుక్కున పెదవులు బిగించుకుంది. మొదటి రోజు ఇలాగే బిగుసుకుని ఉంటాయి ఆ పెదవులు అనుకునేసరికి అశ్రితకు కన్నీళ్లు తన్నుకొచ్చాయి.

“నవ్వుండ్రి!” అని అరిచింది. “సక్కగ చెప్పినందుకు నవ్వుండ్రి!”

క్రిస్టీనా మేడమ్ మాత్రం నవ్వలేదు. ముందున్న ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టారు. తర్వాత మైకు తీసుకుని, “ఆ జవాబు సరైనదే. హర్షిత గెలిచింది,” అని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచారు.

అశ్రిత కూతురి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసరికి క్రిస్టీనా మేడమ్ తన కారు దగ్గరే నిలబడి ఉన్నారు.

“ఇక్కడ నా చేతిలో ఉంది కాబట్టి ఒప్పుకున్నాను,” అన్నారు. “ఫైనల్లో ఒప్పుకోరు. పాప అక్కడ ‘పాలి’ అనే చెప్పాలి. అలాగే నేర్పించండి. ఆమె మంచికే చెబుతున్నాను.”

గెలిచామన్న సంతోషం కాస్తా అశ్రితలో ఆవిరైపోయింది.

“అంటె తప్పని ఎరికయ్యి గూడ మీరే తప్పు నేర్పమంటున్నరు! ఇంత సదువుకొని గిదా మేడమ్ మీరు చెప్పేది? నేను నేర్ప. గా ఊరోళ్లనే ఫైనల్‌కు తోల్కొస్త. వాళ్ల ఊరి పేరు వాళ్లు చెప్తెనన్న వింటరు గదా?”

“వినరు.”

“ఎందుకినరు? మీకెట్ల ఎరుక?”

క్రిస్టీనా మేడమ్ తీయబోయిన కారు తలుపు వదిలేసి ఇటు తిరిగారు.

“మాది యామన్‌పల్లే.”