ఇంటర్వెల్ ఉన్న క్యాసెట్

పోలీసులు వీడియో షాపుల మీద పడుతున్నారని కబురు రాగానే మక్సూద్ దుకాణంలోని సినిమాలన్నీ శుభకార్యాలైపోయాయి. మంచి ప్రింట్ ఉన్న కొత్త సినిమాకు ‘లీలమ్మ పెండ్లి’ అని చీటీ. హాల్లో కూర్చుని దొంగచాటుగా కెమెరాతో తీసినదానికి ‘పసిబిడ్డ తొట్టెల’ అని చీటీ. నల్గొండలో ఆ వారం లీలమ్మకు ఇరవైసార్లు పెండ్లయింది.

దొరికితే జైలు. దుకాణానికి తాళం. అందుకే మక్సూద్ కొత్త ముఖాలకు క్యాసెట్ ఇవ్వడు. కానీ దేవరకొండ దిక్కు పల్లె నుంచి వచ్చిన ఆండాళును చూస్తే భయమనిపించలేదు. చేతిలో టిఫిన్ డబ్బా, కాళ్ల నిండా దుమ్ము.

“కెమెరా ప్రింటే కావాలె అన్నా. మా పక్కింటోళ్లు చూసిండ్రంట.”

“గదేంది చెల్లే! అండ్ల ఎవలెవలియో తలకాయలు అడ్డమొస్తయ్. హీరోయిన్ ఏడుస్తుంటే ఎవడో తుమ్ముతడు. ఇగో, పెండ్లి తీస్కపో. అద్దం లెక్కుంటది.”

“వద్దు. గా తలకాయలదే ఇయ్యి. ఇంటర్వెల్ గూడ ఉన్నదా?”

ఇంటర్వెల్ కోసం సినిమా చూసే మనిషిని మక్సూద్ అంతవరకూ చూడలేదు.

“ఎందుకు లేదు? లైట్లేసినంక బంద్ చేసుడు మర్చిపోయిన. లేసి ఇటు తిరిగినోళ్ల మొఖాలన్నీ సాఫ్ పడ్డయ్.”

“అంటే, నువ్వే తీసినవా?”

మక్సూద్ ఛాతీ ఉబ్బింది. “మరెవలు? పోయిన నెల పదో తారీకు, శుక్రారం, మొదటి రోజు మ్యాట్నీ. గీ నల్గొండలనే! పెండ్లిళ్ల కెమెరాను శాలువల చుట్టి పట్కపోయిన. పక్క సీటోడు పసిపిల్ల అనుకొని జర జరిగిండు కూడ.”

ఆండాళు నవ్వలేదు. “తారీకు పక్కానా అన్నా?”

“ఎవలడిగినా గదే చెప్త. ఝూట్ మాట నా తాన లేదు.”

ఆమె క్యాసెట్‌ను కొంగులో చుట్టుకుంది.

“పైలం చెల్లే, పోలీసోళ్ల కండ్లవడనియ్యకు,” అన్నాడు మక్సూద్.

ఆండాళు తలూపింది. కానీ మెట్లు దిగలేదు. గడపలోనే నిలబడి, బయట రిక్షాలో కూర్చున్న నల్లకోటాయనకు చెయ్యి ఊపింది.

“వకీల్ సాబ్, సాక్షి దొరికిండు! మా ఊర్ల సర్పంచ్ తల పలిగిన యాళ్లకు, గా కేసుల జైల్ల పడ్డ మా ఇంటాయన ఈడ సినిమా చూస్తున్నడని గీ అన్ననే రేపు కోర్టుల చెప్తడు.”