రెండు దీపాలూ కనిపిస్తే

తడ దగ్గర రేవు వదిలిన తెరచాప పడవ పులికాట్ సరస్సు నడిమికి వచ్చేసరికి బాగా చీకటి పడింది. ఆ సాయంత్రమే ఏబెల్ దానికి ఎల్‌ఈడీ బల్బులు వేశాడు. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ. రెండూ నిలకడగా వెలుగుతున్నాయి. పాతవైతే ఒకటే మినుకుమినుకు. ఆకుపచ్చది ఆరిపోబోయినప్పుడల్లా నాయన జయరావు ఉంగరంతో దాని గాజు మీద రెండుసార్లు తట్టేవాడు. నాయన పోయి ఏడాదైంది. పాత బల్బుల్ని ఏబెల్ ఇందాకే నీళ్లలోకి విసిరేశాడు.

"మామ పెట్టినవి గదా. ఇంట్లో దాపెట్టుకుంటే ఏమి?" అంది భార్య అమల.

"పనికిరానివి యాడ పెట్టుకునేది?"

అంతలో ఎదర ఒక ఎర్రదీపం, ఒక ఆకుపచ్చదీపం పక్కపక్కన కనిపించాయి. పక్కనుంచి పోయే పడవదైతే ఒక్క దీపమే కనిపిస్తుంది. రెండూ కనిపించాయంటే తిన్నగా మీదికొస్తున్నట్టే.

"మన తట్టుకే వస్తా ఉండాది. తిప్పు," అంది అమల.

ఏబెల్ చుక్కాని తిప్పాడు. కాసేపాగి రెండో వైపుకూ తిప్పాడు. ఎటు తిరిగినా రెండు దీపాలూ ఎదురుగానే ఉన్నాయి. కూతవేటు దూరానికి వచ్చేశాయి.

"ఎవురప్పా అది?" అని కేకేశాడు. నీళ్ల అలికిడి కూడా లేదు.

ఎదుటి ఆకుపచ్చదీపం మినుకుమంది. ఆరిపోబోయింది.

టక్. టక్.

దీపం మళ్లీ నిలకడగా వెలిగింది.

అమల కొంగు సర్దుకుని, బల్ల మీద మామ కూర్చునే చోటు వదిలి, పక్కకు జరిగింది.