మధ్యలో ఉండేది మావాడే

పెరుందేవికి ఈసారి కొడుకు స్టేజీ మధ్యలోనే ఉండాలి. పక్కన కాదు, వెనక అసలే కాదు.

పోయిన ఏడు స్కూలు వార్షికోత్సవంలో కౌస్తుభ్‌కి చెట్టు వేషం కట్టి వెనక వరసలో నిలబెట్టారు. తిరుపతిలో ఉన్న ఆడపడుచు, వేదిక అని, ఆ వీడియో చూసి, "వదినా, ఇందులో మనవాడు యాడున్నాడు? ఆ చెట్టా?" అని అడిగింది. అడిగి ఊరుకుందా, చుట్టాలందరికీ చాటింది. పెరుందేవి కడుపు ఏడాదిగా రగులుతూనే ఉంది.

ఈ ఏడు పదో తరగతి వాళ్లది చీకటి డ్యాన్సు. నల్ల బట్టలు, నల్ల ముసుగులు, చేతుల్లో వెలిగే కర్రలు. హాల్లో దీపాలార్పితే కర్రలు తప్ప ఇంకేమీ కనబడవు. ముందు వరస కోసం తల్లిదండ్రులు కొట్టుకోకుండా డ్యాన్సు మాస్టరు దయానంద్ పన్నిన ఉపాయమిది. అయినా ఎందుకైనా మంచిదని, ఒక్కో తల్లినీ విడిగా పిలిచి "మీ బిడ్డే మధ్యలో" అని మాటిచ్చేశాడు.

కర్రలు పిల్లలే స్వయంగా తయారు చేసుకు రావాలని స్కూలువాళ్లు వాట్సాప్‌లో ఆజ్ఞాపించారు. పిల్లలంటే తల్లులని వేరే చెప్పాలా! పెరుందేవి చిత్తూరు బజారంతా తిరిగి నీలం ఎల్‌ఈడీ పట్టీ, బ్యాటరీలు, బుల్లి స్విచ్చు తెచ్చింది. పట్టీని పుల్లకు చుట్టి ప్లాస్టిక్ గొట్టంలో దూర్చింది. పైన బటర్ పేపరు అంటించింది. వెలగలేదు. టంకం పెట్టబోయి వేలు కాల్చుకుంది. మొగుడు పద్మనాభ్ కుర్చీలోంచి లేవకుండానే, ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయేమో చూడమన్నాడు. ఆ మాట నిజమే అయినందుకు ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. చివరికి కర్ర వెలిగింది. దాన్ని దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకుంది.

వార్షికోత్సవం నాడు పొద్దున్నే కర్రలూ నల్ల బట్టలూ స్కూల్లోనే పెట్టించుకున్నారు. పిల్లలకు ఆ రోజు కూడా పలమనేరు బ్రాంచిలో టాలెంట్ టెస్టు. డ్యాన్సుందని ర్యాంకులు ఆగుతాయా అన్నాడు ప్రిన్సిపాలు. సాయంత్రం నేరుగా స్టేజీ వెనక్కే తీసుకొస్తామన్నాడు.

హాల్లో దీపాలారిపోయాయి. నీలం కర్రలు గాల్లోకి లేచాయి.

పాట ఇంగ్లీషుది. అడుగు మాత్రం అచ్చంగా చెక్కభజనది. కర్రలన్నీ ఒక్కసారిగా వంగాయి, ఎగిరాయి, గిర్రున తిరిగాయి. మధ్యనున్న కర్రకైతే పూనకమే వచ్చింది.

పెరుందేవికి కన్నపేగు కదిలింది. ఆమె మామగారు సౌందరరాజన్ తిరుపతి మాడవీధుల్లో వాహనం ముందు చెక్కభజన ఆడిన మనిషి. ఆయన అడుగే మనవడికి దిగింది. నేర్పితే వచ్చేదా ఇది, రక్తంలో ఉండొద్దూ!

"మధ్యలో ఉండేది మావాడే," అంది పక్క కుర్చీలోని ప్రసన్నకుమారితో.

"కాదులే అక్కా, అది మా లోహిత. ఆ తిరగడం సూడు, మా అమ్మను సూసినట్టే ఉండాది," అని ప్రసన్నకుమారి కళ్లొత్తుకుంది.

కాకిపిల్ల కాకికి ముద్దు కదా పాపం, అనుకుని పెరుందేవి వీడియో తీయడంలో మునిగిపోయింది.

డ్యాన్సు అయింది. ఇంగ్లీషు పాటకు జానపదాన్ని జోడించిన మేధావి అంటూ ముఖ్య అతిథి దయానంద్‌ని మైకులో ఆకాశానికెత్తాడు. ఆ ప్రసంగం సాగుతుండగానే వీడియో తిరుపతిలో వేదిక ఫోనుకు చేరింది. వెంటనే ఫోనొచ్చింది. అవతల ఆడపడుచు.

"నాయనే దిగొచ్చి ఆడినట్టుండాది వదినా. పోయిన ఏడు నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దు."

పెరుందేవి అక్కడే ఏడ్చేసింది. ఏడాది మంట చల్లారిపోయింది. ఇంతమంది కళ్లు పడ్డాయి, బిడ్డకు దిష్టి తీయాలని స్టేజీ వెనక్కి పరుగెత్తింది. ఆ మసక చీకట్లో ఒక కర్ర ఇంకా వెలుగుతూనే ఉంది. మధ్యలో ఆడిన కర్ర అదే. పట్టుకున్నవాడి తలను ముసుగు మీదే నిమిరి, కణతల దగ్గర మెటికలు విరిచింది.

"మీ తాత పేరు నిలబెట్టినావు నాయనా," అంది.

అరవై ఏళ్ల మనిషి ముసుగు తీసి, చెమట తుడుచుకుంటూ అన్నాడు: "నేను సుబ్బన్నను తల్లీ, గేటుకాడ అతిథులకు ఎదురుగా చెక్కభజన సేయమని పిలిపించినారు, మీ పిల్లోళ్ల బస్సేమో బంగారుపాళ్యం కాడ బోల్తాపడిన టమాటా లారీ ఎనకాల ఇరుక్కోని ఉండాదంట, డ్యాన్సు సారు కాళ్లా యేళ్లా పడితే మా గుంపంతా ఎక్కి ఆడేసినాము."