పిల్లి మీద ఫిర్యాదు

“ఇంట్లో పిల్లయినా ఉండాలి, నేనయినా ఉండాలి. ఇవాళ డాక్టరు గారి దగ్గరే తేలిపోవాలి!”

క్లినిక్ వరండాలో బల్ల మీద కూర్చుని మొగుడు గుడ్లురిమాడు. పక్కన భార్య ఆయాసపడుతూనే నవ్వింది.

“మూగజీవం అండీ అది. దాంతో మీకు పోటీ ఏమిటి?”

ఆ నవ్వుకే అతనికి ఒళ్ళు మండింది. సవతి పోరు ఆడవాళ్ళకే అనుకుంటాం గానీ, అతనికి నాలుగు కాళ్ళ సవతి దొరికింది. పాల మీద మీగడ దానికి, అడుగున మిగిలిన పాలు అతని కాఫీకి. మంచం మీద భార్య పక్క చోటు కూడా దానిదే. అతను ఆఫీసు నుంచి వస్తే “వచ్చారా” అని ఒక్క ముక్క. అది గోడ దూకి వస్తే “వచ్చావా నా బంగారం” అని ఒళ్ళోకి తీసుకోవడం.

పిలుపు వచ్చింది. లోపల డాక్టరమ్మ భార్య వీపంతా స్టెతస్కోపు పెట్టి విన్నది. గొట్టంలాంటి మీటర్లోకి గట్టిగా ఊదమంది. ముల్లు సగం దూరం కూడా పోలేదు. ఇన్‌హేలరు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదించింది. ఈసారి ముల్లు జోరుగా పైకి పోయింది.

“మందుకి ఇంత తేడా వచ్చిందంటే ఆస్తమానే. భయపడకండి, అదుపులో పెట్టొచ్చు.”

మొగుడి మొహం చేటంత అయింది. భార్యకి జబ్బని తెలిసి ఇంతగా సంబరపడిన మొగుణ్ణి డాక్టరమ్మ ఎక్కడా చూసి ఉండదు.

“నేను చెప్పలేదూ! ఆ బొచ్చు వల్లేనండీ. అసలు ఈవిడ ఛాతీలో వచ్చే ఆ శబ్దాన్నే పిల్లికూతలంటారు కదా! ఇవాళే దాన్ని పంపించెయ్యమని మీరొక్క మాట చెప్పండి చాలు.”

భార్య మొహం చిన్నబోయింది.

“ఆగండి. పిల్లి ఎప్పట్నుంచి ఉంది?” అడిగింది డాక్టరమ్మ.

“పెళ్ళికి ముందు నుంచేనండీ. పుట్టింటి నుంచి దాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.”

“మరి ఆయాసం?”

“ఈమధ్యే, రెణ్ణెల్ల నుంచి. పొద్దున్న నేను బయల్దేరేటప్పుడు, రాత్రి పడుకునేటప్పుడు మరీ ఎక్కువ. మొన్న వాళ్ళక్క ఇంట్లో వారం రోజులుంది, ఒక్క దగ్గు లేదు.”

“అప్పుడు పిల్లి ఇంట్లోనే ఉండిపోయిందా?”

“ఎక్కడండీ! దాన్ని చంకనెత్తుకుపోయింది. నన్నొక్కణ్ణే వదిలేసింది,” అన్నాడు ఉక్రోషంగా.

డాక్టరమ్మ రాయడం ఆపి అతని వైపు చూసింది. అతను భార్య మీదికి వంగి, “నువ్వూ చెప్పవేం?” అని గదమాయించాడు. అంతే, ఆమెకు దగ్గు తెర అందుకుంది.

“ఇక్కడ పిల్లి లేదే,” అంటూ డాక్టరమ్మ ముక్కు ఎగబీల్చింది. “మీరు సెంటు కొట్టుకుంటారా?”

“ఆఁ! ఘుమఘుమలాడుతోంది కదండీ?” అని మురిసిపోయాడతను. అంతలోనే గొంతు తగ్గించాడు. “ఈవిడ పిల్లి తల ముద్దుపెట్టుకుని ‘ఎంత మంచి వాసనో’ అంటుందండీ. నన్ను ఏనాడూ అనలేదు. కడుపు మండిపోయి కొన్నాను. పొద్దున్నా రాత్రీ కొట్టుకుంటున్నాను.”

“ఎప్పట్నుంచి?”

అతను వేళ్ళ మీద లెక్కపెట్టి నాలిక్కరుచుకున్నాడు. రెణ్ణెల్ల నుంచే.

“అది మానెయ్యండి. పక్కబట్టలన్నీ ఉతికించండి. ఇన్‌హేలరు మాత్రం రోజూ పీల్చాల్సిందే,” అని డాక్టరమ్మ భార్య వైపు తిరిగింది. “ఆ వాసన పడటం లేదని నీకు తెలియలేదా అమ్మా?”

ఆమె తల దించుకుంది.

“తెలుసండీ. నా కోసం అంత ముచ్చటపడి కొట్టుకుంటుంటే ఎలా వద్దంటాను? అదే పిల్లి వల్లయితే, ఆ రోజే బయటికి పంపేసేదాన్ని.”